దూరపు నోడ్‌కు స్లాట్ దక్కడం లేదు: రేడియో ఎనర్జీతో నడిచే నెట్‌వర్క్‌లో టైమ్ పంపకం

ప్రశ్న:
యాక్సెస్ పాయింట్ ముందు రేడియో తరంగాలతో పవర్ పంపుతుంది, నోడ్‌లు (బ్యాటరీ లేని చిన్న వైర్‌లెస్ పరికరాలు) దాన్ని పట్టుకుని అదే ఫ్రేమ్‌లో మిగిలిన టైమ్‌లో వంతులవారీగా డేటా పంపుతాయి. 915 మెగాహెర్ట్జ్, 4 వాట్ల ఈఐఆర్‌పీ (యాంటెన్నా లాభం కలిపి ప్రసారమయ్యే పవర్), ఫ్రేమ్ 1 సెకను. నోడ్‌లు 5, 10 మీటర్లలో, 0 డీబీఐ (అంటే అదనపు లాభం లేని) యాంటెన్నాలతో. మొత్తం త్రూపుట్‌ను (అన్ని నోడ్‌ల డేటా రేట్ల మొత్తాన్ని) గరిష్ఠం చేస్తే దూరపు నోడ్‌కు అప్‌లింక్ (డేటా పంపే) టైమ్‌లో 6 శాతమే వస్తోంది. బోర్డు మీదైతే అది అసలు లేవడమే లేదు. కోడ్‌లో తప్పుందా?

జవాబు 1:
కోడ్ సరిగ్గానే ఉంది, ఎంచుకున్న లక్ష్యమే సరికాదు. దూరపు నోడ్‌కు దెబ్బ రెండుసార్లు: పవర్ వచ్చేటప్పుడు, డేటా వెళ్లేటప్పుడు. దూరం రెట్టింపైతే ఒక్కో దారిలో నాలుగో వంతు, రెండూ కలిసి పదహారో వంతు. లీనియర్ మోడల్‌లో (అందిన పవర్‌లో ఎప్పుడూ ఒకే శాతం చేతికొస్తుందనుకునే మోడల్‌లో) మొత్తం త్రూపుట్‌కు ఉత్తమ పంపకం సరిగ్గా ఇదే నిష్పత్తి, 16:1. మీ 6 శాతం అక్కడిదే.

అన్నిటికన్నా తక్కువ రేటున్న నోడ్‌ రేటును పెంచడం లక్ష్యంగా పెట్టండి. ఒక రేటు ఊహించి, అది ప్రతి నోడ్‌కూ అందేలా స్లాట్లు ఫ్రేమ్‌లో ఇముడుతాయా చూడండి. ఇమిడితే పెంచండి, లేదంటే తగ్గించండి. ఇలా పరిధిని సగం సగం చేస్తూ వెతకడమే బైసెక్షన్; దాని లోపలి సమస్య కాన్వెక్స్ (ఒకే ఉత్తమ విలువకు చేర్చే రకం), సాల్వర్‌కు సులువు. ఛార్జింగ్ టైమ్‌ను మాత్రం ముందే బిగించకండి, అదీ చలరాశే. మొత్తం త్రూపుట్ పడిపోతుంది, తప్పదు.

జవాబు 2:
బోర్డు లేవకపోవడానికి కారణం వేరు, దాన్ని ఏ పంపకమూ బాగుచేయలేదు. 10 మీటర్లకు ఫ్రీ స్పేస్ లాస్ 51.7 డీబీ. 4 వాట్లంటే 36 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చి డీబీల్లో చెప్పే పవర్); అందులో అది పోతే నోడ్‌కు చేరేది మైనస్ 15.7 డీబీఎం, అంటే 27 మైక్రోవాట్లు. సామర్థ్యం ఎప్పుడూ 50 శాతమే అనుకునే మోడల్ ఇందులో 13 మైక్రోవాట్లు చూపిస్తుంది. నిజానికి మైనస్ 12 డీబీఎం దగ్గర మేలుకునే రెక్టిఫైయర్‌కు (రేడియో సిగ్నల్‌ను డీసీ కరెంటుగా మార్చే సర్క్యూట్‌కు) 6.5 మీటర్లు దాటితే వచ్చేది సున్నా. మీ రెక్టిఫైయర్‌ను కొలిచి, ఆ కర్వ్‌నే మోడల్‌లో పెట్టండి.

నోడ్‌కు 6 డీబీఐ ప్యాచ్ యాంటెన్నా పెడితే మైనస్ 9.7కి వస్తుంది, అప్‌లింక్‌లోనూ అంతే లాభం. కానీ సర్క్యులర్ పోలరైజేషన్‌తో (తరంగపు కంపన దిశ తిరుగుతూ ఉండేలా) పంపి లీనియర్ పోలరైజేషన్‌తో (ఒకే దిశలో) అందుకుంటే 3 డీబీ పోయి మళ్లీ నిద్రలోకే.

ప్రశ్న అడిగినవారు:
ప్యాచ్ పెడితే 1 సెకను ఫ్రేమ్ సరిపోతుందా?

జవాబు 2:
సరిపోదండి. మైనస్ 9.7 డీబీఎం అంటే 107 మైక్రోవాట్లు. సామర్థ్యం 30 శాతం అనుకుంటే చేతికి 32. 100 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను 2 నుంచి 3 వోల్టులకు నింపాలంటే 250 మైక్రోజౌళ్లు, దాదాపు 8 సెకన్లు. కాబట్టి మిగిలిన ఎనర్జీని ఒక ఫ్రేమ్ నుంచి తర్వాతి ఫ్రేమ్‌కు మోసుకెళ్లేలా మోడల్ మార్చండి. లీకేజీని, నోడ్ లేవడానికయ్యే ఖర్చును అందులోంచి తగ్గించండి. సిరామిక్ కెపాసిటర్ అయితే డీసీ వోల్టేజీ పడగానే విలువ తగ్గుతుంది, 3 వోల్టుల దగ్గర ఎంత మిగులుతుందో డేటాషీట్‌లో చూసుకోండి.