నిశ్చితార్థం అయింది, అబ్బాయి జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉన్నాడు: వీసా ఫారంలో అతని సంగతి రాయాలా, దాచాలా?

అరండల్‌పేట అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. ఇక్కడే ఓ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేస్తున్నాను. నాకు కాబోయే ఆయన స్టుట్‌గార్ట్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నారు, బ్లూ కార్డ్ (పెద్ద చదువుల ఉద్యోగులకి అక్కడిచ్చే పర్మిట్) ఉంది. మాఘంలో నిశ్చితార్థం అయింది, పెళ్లి శ్రావణంలో. ఈలోపు ఆయనకి సెలవు దొరకదు. మే నెలలో మాకు సెలవులు కాబట్టి నేనే మూడు వారాలు వెళ్లొద్దామనుకుంటున్నాను. పెళ్లి కాకుండా ఈ ప్రయాణాలేంటని అమ్మ రాగం తీసింది గానీ, "వెళ్లి ఇల్లు చూసుకుని రానివ్వండి వదినగారూ" అని మా అత్తయ్యగారే అనేసరికి ఇంట్లో ఇక ఎవరూ మాట్లాడలేదు.

చిక్కల్లా ఇక్కడి ట్రావెల్ ఏజెంటుతోనే. "పెళ్లి కాని పిల్లవి, చేసుకోబోయేవాడు అక్కడే ఉన్నాడని తెలిస్తే తిరిగి రావనుకుంటారమ్మా. ఆ ఊసే ఎత్తకు. టూరిజం అని పెట్టి పారిస్, స్విట్జర్లాండ్, రోమ్ హోటళ్లు చూపిద్దాం, వీసా చేతికి రాగానే అన్నీ క్యాన్సిల్ చేద్దాం" అంటున్నాడు. మనసొప్పడం లేదు. అలాగని నిజం రాస్తే రిజెక్ట్ చేస్తారేమోనని గుబులు. ఇలా వెళ్లొచ్చిన వాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

మ్యూనిక్ వదిన:

అమ్మాయీ, ముందా ఏజెంటుకో దండం పెట్టి బయటపడు. నేనూ పెళ్లికి ముందు ఇలాగే వచ్చాను, ఆ తర్వాత మా చెల్లెలు కూడా. ఇద్దరం ఉన్నదున్నట్టే రాశాం.

ఆయన చెప్పిన ప్లాన్‌లోనే తిరకాసుంది. షెంగెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే విజిటర్ వీసా) ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటావో ఆ దేశానికే అప్లై చెయ్యాలి. పారిస్ అంటూ ఫ్రాన్స్ వీసా తీసుకుని, ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, మూడు వారాలూ స్టుట్‌గార్ట్‌లోనే ఉంటానంటే పాస్‌పోర్ట్ చూసే ఆఫీసరు ఊరుకుంటాడా? "ఎక్కడుంటున్నావు, ఎవరింట్లో" అని నిలదీస్తే అక్కడ ఏ కథ చెబుతావు? వచ్చిన కారణం నమ్మేలా లేదని వీసా రద్దు చేసి వెనక్కి పంపే అధికారం కూడా వాళ్లకుంది.

ఫారంలో చుట్టాలనో స్నేహితులనో చూడ్డానికి అని విడిగా ఒక గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టు. పిలిచేవాళ్ల పేరూ అడ్రసూ అడిగే చోట అతని వివరాలు రాయి. ఒక పేజీ కవరింగ్ లెటర్‌లో నువ్వెవరు, అతనెవరు, ఎప్పుడు వస్తావు, ఎప్పుడు వెనక్కి వెళ్తావు, ఎందుకు వెళ్లి తీరాలి అన్నవి చెబితే చాలు.

ఆ చివరిదే అసలు సంగతి. తిరిగొస్తుందా రాదా అన్నదే కదా వాళ్ల అనుమానం? ఆ ఏజెంటు దాచమంటున్న పెళ్లే దానికి నీ జవాబు. గుంటూరులో కల్యాణ మండపానికి అడ్వాన్సు కట్టే ఉంటారుగా, ఆ రసీదు జిరాక్స్ పెట్టు. శుభలేఖ అచ్చయితే అది కూడా. కాలేజీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తీసుకో, మళ్లీ ఏ తారీఖున డ్యూటీలో చేరతావో అందులో ఉండాలి. ఉత్తి "సెలవు మంజూరు" అని రాసిస్తే ఒప్పుకోకు, ప్రిన్సిపాల్ గదికి ఇంకోసారి తిరిగినా పర్లేదు. జీతం స్లిప్పులు, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఐటీ రిటర్నులు మామూలే. నిశ్చితార్థం ఫొటోలు రెండు మూడు చాలు. మా చెల్లెలు వాట్సాప్ చాట్లన్నీ ప్రింట్ తీస్తానని కూర్చుంది, తిట్టి లేపాను. "తిన్నావా" "తిన్నా" తప్ప ఏముంది అందులో!

సింధెల్‌ఫింగెన్ సుబ్బు:

ఖర్చుల సంగతి నేను చెబుతా. ఆయన్ని అక్కడి విదేశీయుల ఆఫీసుకి వెళ్లి ఫెర్‌ఫ్లిష్టుంగ్స్ ఎర్‌క్లేరుంగ్ తీసుకోమనండి. నోరు తిరగదు, మేమంతా వీఈ అంటాం. "ఈవిడ ఉన్నన్నాళ్లూ ఖర్చులకి నాదే పూచీ" అని ఆఫీసరు ముందు సంతకం పెట్టిన కాగితం అది. ఫీజు 29 యూరోలు. ఒరిజినలే కావాలి కాబట్టి కొరియర్‌లో పంపించాలి. చేతికొచ్చాక ఆరు నెలల లోపు వాడుకోవాలి. అపాయింట్‌మెంటు దొరకడం మాత్రం ఊరిని బట్టి ఉంటుంది, ఇవాళే మెయిల్ పెట్టమనండి.

వీసా ఫీజు 90 యూరోలు, 2024 జూన్ నుంచి అంతే. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తగ్గకూడదు, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, లాగితే 45 దాకా వెళ్తుంది. మే అంటున్నారు కాబట్టి హైదరాబాద్‌లో వీసా అప్లికేషన్లు తీసుకునే వీఎఫ్‌ఎస్‌లో స్లాటు ముందే పట్టుకోండి, వేసవి ముందు దొరకడం కష్టం.

పాత బస్తాండు:

అందరూ నీతులు చెబుతున్నారు గానీ, మా పిన్ని కొడుకు టూరిజం అని చెప్పే వెళ్లి గర్ల్‌ఫ్రెండ్ దగ్గర ఉండి దర్జాగా వచ్చాడు. ఏమీ కాలేదు.

మ్యూనిక్ వదిన:

తమ్ముడూ, మీ పిన్ని కొడుక్కి ఆ ఒక్క ప్రయాణంతో సరిపోయిందేమో. ఈ అమ్మాయి శ్రావణం తర్వాత భార్యగా మళ్లీ అదే దేశానికి వీసా అడగాలి. అప్పుడు పెళ్లి ఫొటోలు పెడుతూ, మేలో ఇచ్చిన ఫైలులో అతనెవరో తెలియనట్టు రాసి ఉంటే బాగుంటుందా? పైగా 2025 జూలై 1 నుంచి జర్మనీ వాళ్లు రిజెక్షన్ మీద పెట్టుకునే ఉచిత అర్జీ పద్ధతి కూడా ఎత్తేశారు. కాదన్నారంటే మళ్లీ ఫీజు కట్టి కొత్తగా అప్లై చెయ్యాలి, లేదంటే కోర్టుకెక్కాలి.

అరండల్‌పేట అమ్మాయి:

వదినగారూ, సుబ్బుగారూ, ప్రాణం లేచొచ్చింది. మండపం రసీదు నాన్న బీరువాలో ఉంది, రేపు తీయిస్తాను. ఇంకో రెండు సంగతులు. ఎలాగూ వస్తున్నావుగా, ఇక్కడే రిజిస్టర్ పెళ్లి చేసుకుని ఉండిపో అంటున్నారు ఆయన, సగం సరదాకి, సగం నిజంగానే. కుదురుతుందా? రెండోది, అమ్మ ఇప్పట్నుంచే ఆవకాయ, చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా అని లిస్టు రాస్తోంది.

మ్యూనిక్ వదిన:

ఉండిపోవడం మాట మర్చిపొమ్మను. విజిటర్ వీసా మీద వచ్చి, ఇక్కడే దాన్ని భార్య వీసాగా మార్చుకుందామనే ఆలోచనతో బయలుదేరొద్దు. వెనక్కి వెళ్తానని సంతకం పెట్టి వస్తున్నావు, వెనక్కే వెళ్లాలి. గుంటూరులో పెళ్లయ్యాక సర్టిఫికెట్ తీసుకుని నేషనల్ వీసాకి (ఎక్కువ కాలం ఉండేవాళ్లకిచ్చేది) అప్లై చెయ్యి. అతనిది బ్లూ కార్డ్ కాబట్టి నీకు ఏ1 అనే మొదటి మెట్టు జర్మన్ భాష పరీక్ష కూడా అడగరు, అది మీ అదృష్టం.

వీఈ, ఇన్సూరెన్స్, అతని అడ్రసు, తిరుగు టికెట్టు, ఈ కాపీలన్నీ చేతి బ్యాగులో పెట్టుకో. దిగగానే అడిగేది వాటినే.

అమ్మగారి లిస్టులో చికెన్ పచ్చడి, నెయ్యి, కోవా కొట్టెయ్. మాంసం, పాల సరుకు బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేనివ్వరు, కస్టమ్స్‌లో దొరికితే చెత్తబుట్టలోకే. ఆవకాయ తెచ్చుకో, సీసా మూత బిగించి, రెండు కవర్లు చుట్టి చెక్-ఇన్ బ్యాగులో వెయ్యి. చేతి బ్యాగులో పెడితే శంషాబాద్‌లోనే తీయించేస్తారు.