ట్రంబోను ‘ఘోస్ట్ రైటర్’ అనవచ్చా?

మిత్రులకు నమస్కారం. అమెరికన్ స్క్రీన్‌ప్లే రచయిత డాల్టన్ ట్రంబోను ‘ఘోస్ట్ రైటర్’ అనడం సరైనదేనా అన్న ప్రశ్నకు, సరికాదన్నదే నా సమాధానం. మన సినిమావారి వాడుకలో ఘోస్ట్ అంటే పేరున్న రచయిత దగ్గర చేరి, తెరమీద పేరు పడకపోయినా సన్నివేశాలూ సంభాషణలూ రాసిపెట్టే వ్యక్తి. ట్రంబో అప్పటికే హాలీవుడ్‌లో పెద్ద పారితోషికం అందుకునే రచయిత. 1947లో అమెరికా ప్రతినిధుల సభ విచారణ సంఘం ఎదుట, కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వం గురించిన ప్రశ్నకు సూటిగా బదులివ్వడానికి నిరాకరించినందుకు ఆయన 1950లో జైలుకు వెళ్లవలసి వచ్చింది. స్టూడియోలు ఆయనను బ్లాక్‌లిస్టులో పెట్టడంతో సొంత పేరుతో రాసే దారి మూసుకుపోయింది.

కాబట్టి ట్రంబో రాసిన ‘రోమన్ హాలిడే’ సినిమా కథను ఆయన మిత్రుడు ఇయాన్ మెక్‌లెలన్ హంటర్ తన పేరు మీద స్టూడియోకు ఇచ్చి, వచ్చిన సొమ్మును ట్రంబోకు చేర్చారు. ఆస్తి ఒకరిది, కాగితం మీద పేరు మరొకరిది అయినప్పుడు మనం వాడే ‘బినామీ’ అన్న మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. ఆ మాటకు మన వాడుకలో అక్రమార్జన వాసన అంటుకుంది, నిజమే. హంటర్ చేసినది స్నేహధర్మం కనుక ‘బినామీ రచయిత’ అన్నప్పుడు ఆ సందర్భాన్ని ఒక్క వాక్యంలోనైనా చెప్పాలి. పైగా ఆయన స్క్రీన్‌ప్లేలో నిజంగానే పనిచేశారు. అందుచేత కథ వరకే ఆయన బినామీ, స్క్రీన్‌ప్లేకు సహరచయిత. 2011లో అమెరికా సినీ రచయితల సంఘమైన రైటర్స్ గిల్డ్ సరిదిద్దిన క్రెడిట్లు కూడా ఇలాగే ఉన్నాయి.

‘ది బ్రేవ్ వన్’ సంగతి వేరు. 1957లో, ట్రంబోయే రాసిన ఆ సినిమా కథకు ఆస్కార్ ప్రకటించినప్పుడు, ‘రాబర్ట్ రిచ్’ అన్న రచయిత ఎవరో సభలో ఎవరికీ తెలియలేదు. అది నిర్మాతల మేనల్లుడి పేరే అయినా, ఆ పేరుతో రచయితనని ముందుకు వచ్చి నిలబడిన మనిషి లేడు కనుక దానిని ‘మారుపేరు’ అనడమే ఉచితం. ‘కలంపేరు’ అనడానికి నాకు మనసు ఒప్పదు. కలంపేరు రచయిత ఇష్టపడి పెట్టుకునేది. ఇది నిషేధం వల్ల తగిలించుకోక తప్పనిది.

ఈ అవస్థ 1960లో ‘ఎక్సోడస్’, ‘స్పార్టకస్’ చిత్రాలకు ఆయన సొంత పేరు పడేదాకా సాగింది. ‘ది బ్రేవ్ వన్’ ఆస్కార్ ప్రతిమ 1975లో ఆయన చేతికే అందింది. ‘రోమన్ హాలిడే’ కథకు వచ్చిన ఆస్కార్‌ను మాత్రం, ఆయన 1976లో కన్నుమూసిన తరువాత, 1993లో భార్య క్లియోకు ఇచ్చారు.