క్రికెట్ ఆడే అబ్బాయిలతో ఆడవాళ్లను గౌరవించడం గురించి ఎలా మాట్లాడాలి?

అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలి. హైదరాబాద్ అంబర్‌పేటలో ఆదివారం పొద్దున్నే పన్నెండు, పదిహేనేళ్ల మధ్య అబ్బాయిలకు క్రికెట్ నేర్పిస్తుంటాను. ఆట బానే ఉంది, నోళ్లతోనే తంటా. క్యాచ్ వదిలేసి కళ్లనీళ్లు పెట్టుకున్నవాణ్ని "గాజులు తొడుక్కోరా" అని ఏడిపిస్తారు. ఇంట్లో అంట్లు తోముతాడని మిగతావాళ్లకు తెలిసిపోయిందని ఒకడు గ్రౌండ్‌కి రావడమే మానేశాడు. పైగా 2023 డిసెంబర్‌లో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచి "అన్నీ వాళ్లకేనా సార్?" అని ఒకటే గొణుగుడు. ఇంట్లో పెద్దల దగ్గర విన్నదే అప్పజెబుతున్నారు లెండి.

ముంబైలో 'పరివర్తన్' అనే కార్యక్రమంలో క్రికెట్ కోచ్‌లకే శిక్షణ ఇచ్చి, ప్రాక్టీస్ మధ్యలో అబ్బాయిలతో ఆడపిల్లల్ని గౌరవించడం గురించి మాట్లాడించారు. అలా మాట్లాడించడానికి పనికొచ్చే కార్డులు, ఆటలు తెలుగులో ఎక్కడైనా దొరుకుతాయా? నేను నోరు తెరిస్తే క్లాసు పీకినట్టే ఉంటుంది, వాళ్లేమో బ్యాటుతో మట్టిలో గీతలు గీస్తూ కూర్చుంటారు. ఆడవాళ్ల భద్రత చూసే పోలీసు బృందాలు, షీ టీమ్స్ వాళ్లను పిలుద్దామంటే, పోలీసులనగానే బిగుసుకుపోతారేమో.

మీ బస్తీలోనో స్కూల్లోనో ఎవరైనా చేసుంటే చెప్పండి. మొదటి రోజు ఏ మాటతో మొదలుపెట్టారు? అమ్మానాన్నలకు ముందే చెప్పాలా?