సమస్యాపూరణం: వెలుగు తగ్గింప చిత్రమ్ము వెలుగులీనె

పృచ్ఛకుడు ఇచ్చిన ఈ వారం సమస్య తేటగీతి అనే నాలుగు పాదాల పద్యంలో చివరి పాదం. యాక్షన్ కెమెరా లెన్స్ ఫిల్టర్ల మీద పూరించాలి. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి) తప్పకూడదు, చెప్పే విషయమూ తప్పకూడదు. పూరించినవారి పేర్లు కలంపేర్లు.

సైకిల్ సవారి:

ఎండ మండగ షట్టరు హెచ్చిపోవ
కదలు చిత్రమ్ము తునకలై కానిపించె
నల్లనౌ గాజు తొడుగగా నయము గలిగె
వెలుగు తగ్గింప చిత్రమ్ము వెలుగులీనె

పృచ్ఛకుడు: రెండో పాదంలోనే అసలు సంగతి పట్టేశారండీ. ఈ చిన్న కెమెరాల్లో చాలావాటికి అపర్చర్ (వెలుగు లోపలికొచ్చే రంధ్రం) మార్చే వీలుండదు కాబట్టి ఎండ ఎక్కువైతే షట్టర్ (వెలుగును లోపలికి వదిలే సమయం) ఒక్కటే సెకనులో 1/2000 వంతు దాకా పరుగెత్తుతుంది, అప్పుడు ప్రతి ఫ్రేమూ విడిగా చెక్కినట్టుండి కదలిక తెగిపోతుంది. సెకనుకు 30 ఫ్రేములు తీసేటప్పుడు షట్టర్ 1/60 దగ్గర ఉంటే కంటికి సహజంగా ఉంటుంది. ఎన్‌డీ 32 అనే నల్ల ఫిల్టర్ ఐదు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) కోస్తుంది గనక 1/2000 కాస్తా సరిగ్గా అక్కడికే దిగుతుంది.

నీలిలోతు: ఒక్క మాట. హెల్మెట్ మీద కెమెరా పెట్టి గతుకుల దారిలో వెళ్తే మాత్రం 1/60 వద్దండీ. స్టెబిలైజేషన్ (కుదుపును సరిచేసే ఏర్పాటు) ఫ్రేమును నిలబెడుతుంది కానీ కుదుపుకి లోపల పడిన మసక అలాగే మిగులుతుంది, దాంతో బొమ్మ వణికినట్టుంటుంది. ఎన్‌డీ 8 పెట్టి 1/250 దగ్గర ఆగడం మేలు.

గాలం:

నీటిపై తళుకడ్డమై నిలిచియుండ
చేపలే కానరాకుండ చిక్కు వచ్చె
పోలరైజరు తిప్పగా పొరలు వీడె
వెలుగు తగ్గింప చిత్రమ్ము వెలుగులీనె

పృచ్ఛకుడు: "పోలరైజరు... పొరలు" యతి ఎంత చక్కగా కుదిరిందో! "తిప్పగా" అన్నది పాదం నింపడానికి వేసిన మాట కాదు. నీటి తళుకును కోసే ఆ ఫిల్టర్‌ను తిప్పి సరిచేయకపోతే ఒకటి రెండు స్టాపుల వెలుగు ఊరికే పోతుంది. కెమెరా ఒకచోట నిలిచి ఉంటేనే ఇది బాగా పనిచేస్తుంది. మనిషితో పాటు అటూ ఇటూ తిరిగితే ప్రభావం క్షణక్షణం మారుతుంది, పైగా వెడల్పు కోణంలో ఆకాశం ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా వస్తుంది.

నీలిలోతు:

లోతు నీటిలో నెఱ్ఱని రంగు పోవ
నీలమొక్కటే నిండెను నేత్రములను
ఎఱ్ఱ గాజును బిగియింప నింపు గలిగె
వెలుగు తగ్గింప చిత్రమ్ము వెలుగులీనె

పృచ్ఛకుడు: మొదటి పాదంలో లో-రం యతి చెల్లదు. "లోతు నీటిలో నెఱుపెల్ల లుప్తమయ్యె" అంటే లో-లు సరిపోతుంది. భావం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఎర్ర ఫిల్టర్ ఎరుపును తెచ్చి కలపదు, నీలాన్నీ ఆకుపచ్చనూ తగ్గించి మిగిలిన ఎరుపును పైకి తెస్తుంది, అంటే సమస్యలో మాట అక్షరాలా నిజం. నీళ్లు పచ్చగా ఉంటే మెజెంటా (ఊదా కలిసిన గులాబీ రంగు) ఫిల్టర్ వాడాలి. లైటు వేసుకుని తీసేటప్పుడు ఏదీ వద్దు.

తొలిపద్యం:

సంజె చీకట్ల బండిపై సాగిపోతి
ముదురు గాజును తీయక మోజుతోడ
అయిన నేమాయె ఫలితమ్ము హాయిగొల్పె
వెలుగు తగ్గింప చిత్రమ్ము వెలుగులీనె

గాలం: ఛందస్సులో వంక పెట్టడానికి లేదు. కానీ ఈ ఫలితం రాదండీ. సంజె వేళ వెలుగే తక్కువ, దాన్ని ఇంకా కోస్తే ఆటోలో ఉన్న కెమెరా ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే సున్నితత్వం) పెంచేస్తుంది, నీడలన్నీ ఇసుక చల్లినట్టుండే గ్రెయిన్‌తో నిండిపోతాయి.

తొలిపద్యం: కవిత్వంలో ఆ మాత్రం స్వేచ్ఛ ఉండదా?

పృచ్ఛకుడు: ఉంటుంది. కానీ సమస్యాపూరణంలో అసంగతంగా కనిపించేదాన్ని పొసగేలా చేయడమే పని కదా! ఇక్కడ అది పొసగకుండానే మిగిలిపోయింది. వెలుగు నిజంగా ఎక్కువైన చోటు వెతకండి.

తొలిపద్యం: మంచు మీద స్కీయింగ్ పెట్టి మార్చాను, చూడండి.

మంచు కొండల నెండలో మలుపు దిరుగ
ముదురు గాజును తొడిగితి మోజుతోడ
జారు వేగమ్ము తెరపైన జాలువార
వెలుగు తగ్గింప చిత్రమ్ము వెలుగులీనె

గాలం: మూడో పాదం చదువుతుంటే జారుతున్నట్టే ఉందండీ! ఐఎస్ఓ 100 దగ్గర లాక్ చేయడం మాత్రం మరవకండి.