చెన్నై–దుబాయ్: వెళ్లేటప్పుడు రెండుముప్పావు గంటలు, వచ్చేటప్పుడు అయిదున్నర గంటలా?

ప్రశ్న (కావలి నుంచి)

సంక్రాంతి వెళ్లాక దుబాయ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరకు నేనూ నా భార్యా మొదటిసారి విమానంలో వెళుతున్నాము. అల్లుడు పంపిన టికెట్టులో చెన్నైలో ఉదయం 9.45కు బయలుదేరి మధ్యాహ్నం 12.30కు దుబాయ్ చేరుతామని ఉంది. మార్చిలో తిరిగివచ్చేటప్పుడు మాత్రం రాత్రి 9.50కి ఎక్కితే తెల్లవారుజామున 3.20కి దిగుతామని ఉంది. దూరం ఒక్కటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు? విమానం మధ్యలో ఎక్కడైనా ఆగుతుందా? ఇంట్లో పిలకాయలను అడిగితే నవ్వుతున్నారు. నా భార్యకు మోకాళ్ల నొప్పులు కనుక ఎంతసేపు కూర్చోవలసి వస్తుందో ముందుగా తెలిస్తే మేలు. కావలిలో ఎన్నింటికి బయలుదేరాలో కూడా చెప్పగలరు.

జవాబు (ఒంగోలు, విశ్రాంత లెక్కల మాస్టారు)

అయ్యా, టికెట్టులో తప్పేమీ లేదు, విమానం ఎక్కడా ఆగదు. టికెట్టు మీద ఏ ఊరి వేళ ఆ ఊరిదే వేస్తారు. మన గడియారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. మన కాకినాడ పక్కగా పోయే గీత అదే. దుబాయ్ గడియారానికి ఆధారం 60 డిగ్రీల రేఖాంశం. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 22½ డిగ్రీలకు 90 నిమిషాలు దుబాయ్ మనకన్నా వెనుక ఉంటుంది. వెళ్లేటప్పుడు ఆ గంటన్నర కలపండి, 4 గంటల 15 నిమిషాలు వస్తుంది. వచ్చేటప్పుడు తీసివేయండి, సరిగ్గా 4 గంటలు. ఆకాశమార్గాన దూరం సుమారు 2,900 కిలోమీటర్లు. గంటకు 850, 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి మూడున్నర గంటలు చాలుననిపిస్తుంది కానీ, రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, పైకెక్కడం, దిగడానికి వంతు కోసం ఎదురుచూడడం కూడా ఆ లెక్కలోనే ఉంటాయి.

కావలి నుంచి

ధన్యవాదాలు మాస్టారూ, గంటన్నర సంగతి అర్థమయింది. మిగిలిన పావుగంట తేడా ఎక్కడిది?

జవాబు (ఒంగోలు)

అది గాలి చేసే పని. చలికాలంలో ఉత్తర భారతం మీదుగా, విమానాలు ఎగిరే ఎత్తున, పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహం ఉంటుంది. మీ దారి ఉత్తరానికి జరిగేకొద్దీ దాని ప్రభావం పెరుగుతుంది కనుక వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుకగాలి. నైరుతి ఋతుపవనాల కాలంలో దక్షిణాదిన, ఇంకా పై ఎత్తున, తూర్పు నుంచి పడమరకు వీచే జెట్ ప్రవాహం ఏర్పడుతుంది. దానిని 1950లలో వెలుగులోకి తెచ్చిన వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం గారు తెలుగువారే. ఈ సంగతి మన బడిపుస్తకాలలో ఇంకాస్త పెద్ద అక్షరాలతో ఉండవలసింది.

జవాబు (నెల్లూరు, కారు నడిపేవాడిని)

కావలి నుంచి చెన్నై విమానాశ్రయం ఉన్న మీనంబాకం దాదాపు 230 కిలోమీటర్లు, నాలుగున్నర గంటలు పడుతుంది, అంటే విమానంలో కన్నా కారులోనే ఎక్కువసేపు కూర్చుంటారు. విదేశీ ప్రయాణం కనుక 6.45కల్లా అక్కడుండాలి, రాత్రి ఒంటిగంటన్నరకు బయలుదేరండి. ఆ నెలలో సూళ్లూరుపేట, తడ మధ్య తెల్లవారుజామున మంచు పడితే ముందున్న లారీ వెనుక ఎర్రదీపం కూడా దగ్గరకు వెళితే గాని కనబడదు. ఆలోగా నాయుడుపేట దగ్గర ఆగి, అమ్మగారిని నాలుగడుగులు నడవనివ్వండి. విమానాశ్రయం లోపల నడక ఎక్కువ కనుక వీల్‌చైరు కావాలని అల్లుడుగారితో ఇప్పుడే టికెట్టులో నమోదు చేయించండి.