పాత బోర్డులో ఎన్‌వీఎంఈ బూట్ కోసం బయోస్ మార్చాలి: ఏ టూల్ నయం?

అందరికీ నమస్తే. ఉండేది బెంగళూరులో. నా పాత జెడ్77 (ఇంటెల్ చిప్‌సెట్) మదర్‌బోర్డులో ఎన్‌వీఎంఈ డ్రైవ్ (వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) విండోస్‌లో కనిపిస్తుంది, దాన్నుంచి బూట్ మాత్రం కాదు. బయోస్ (ఆన్ చేయగానే బోర్డులో మొదట నడిచే సాఫ్ట్‌వేర్) ఫైల్లో ఎన్‌వీఎంఈ డ్రైవర్ మాడ్యూల్ చేర్చాలి. బయోస్ ఫైళ్లు విప్పి చూసే యూఈఎఫ్ఐటూల్ ప్రోగ్రాంలో కొత్త ఎన్‌ఈ వెర్షన్ చూడనిస్తుందే గానీ మార్చనివ్వదు, అందుకే పాత 0.28 వెర్షన్ వాడా. సేవ్ చేశాక చూస్తే ఒక ప్యాడ్ ఫైల్ (మాడ్యూళ్ల మధ్య ఖాళీ నింపేది) మాయం! అలాగే ఫ్లాష్ చేస్తే (చిప్‌లోకి ఎక్కిస్తే) బోర్డు చచ్చినట్టేనా? బయోస్ ఏఎంఐ కంపెనీ ఆప్టియో 4 రకం కాబట్టి వాళ్ల ఎడిటర్ ఎంఎంటూల్‌తో చేస్తే ప్యాడ్ ఫైల్ ఉంటుందా?

ఇంకోటి. ఎస్పీ రోడ్డులో నల్ల సీహెచ్341ఏ ప్రోగ్రామర్ (బయోస్ చిప్‌ను నేరుగా చదివి, రాసే యూఎస్‌బీ పరికరం) కొన్నా, చవకే. నా బయోస్ చిప్ 3.3 వోల్టులది, మల్టీమీటర్ పెడితే ప్రోగ్రామర్ డేటా పిన్నుల మీద 5 వోల్టులు చూపిస్తోంది. పాత బయోస్ బ్యాకప్ తీయడానికైనా ఇది పెట్టొచ్చా, లేక ముందే సోల్డరింగ్ మార్పు చేయించాలా? చేసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.