పిండిమిల్లుల రాంక్ కుటుంబం బేకరీలు ఎందుకు కొన్నది?

ప్రశ్న:
ఇంగ్లండ్‌లోని హల్ రేవు పట్టణంలో జోసెఫ్ రాంక్ 1875లో ఒక గాలిమరను అద్దెకు తీసుకొని పిండి వ్యాపారం మొదలుపెట్టారు. ఆయన వారసుల సంస్థ 1962లో రాంక్ హోవిస్ మెక్‌డూగల్‌గా మారేనాటికి పిండితోపాటు రొట్టెల తయారీలోనూ పెద్ద పేరు సంపాదించింది. మిల్లులు అంత బాగా సాగుతుండగా బేకరీల బరువు నెత్తికెత్తుకోవలసిన అవసరం ఏమొచ్చిందో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
ముందు మిల్లు సంగతి చూడాలి. గాలి పడిపోతే మర ఆగిపోతుంది. పైగా విదేశాల నుంచి వచ్చే గట్టి గోధుమను రాళ్ల మధ్య విసిరితే పొట్టు కూడా నలిగి పిండి రంగు తగ్గుతుంది. ఉక్కు రోలర్ల పద్ధతి వేరు. గాడులు చెక్కిన రోలర్ల జత గింజను చీల్చి తెరుస్తుంది, జల్లెడలో పొట్టు రేకులుగా విడిపోతుంది, మిగిలిన రవ్వను నున్నటి రోలర్లు మెత్తని పిండి చేస్తాయి. రాంక్ 1885లోనే హల్‌లో రోలర్ మిల్లు కట్టారు. ఆ తర్వాత ఓడల్లో వచ్చే గోధుమ నేరుగా మిల్లుకు చేరేలా రేవుల దగ్గరే మిల్లులు నిర్మించుకుంటూ పోయారు. నా దృష్టిలో ఆ కుటుంబాన్ని నిలబెట్టింది ఈ స్థలాల ఎంపికే.

జవాబు 2:
అసలు ప్రశ్నకు వస్తాను. కెనడాలో రొట్టెల వ్యాపారి కొడుకైన గార్ఫీల్డ్ వెస్టన్ 1935లో బ్రిటన్‌లో అలైడ్ బేకరీస్ స్థాపించి, అక్కడి బేకరీలను ఒక్కొక్కటిగా కొంటూ పోయారు. బేకరీ చేతులు మారితే ఏ మిల్లు పిండి వాడాలో కొత్త యజమాని నిర్ణయిస్తాడు కనుక, అలా అమ్ముడైన ప్రతి బేకరీతోనూ మిల్లరుకు పాత ఖాతాదారు దూరమయ్యే ప్రమాదం ఉంది. అందుకే 1950లలో రాంక్ సంస్థ తానే బేకరీలు కొని తన పిండికి గిరాకీ చూసుకోవలసి వచ్చింది. సినిమా రంగంలో ప్రసిద్ధుడైన ఆర్థర్ రాంక్ ఈ కుటుంబం వారే. అన్న జేమ్స్ 1952లో మరణించాక మిల్లుల బాధ్యత ఆయనే స్వీకరించారు.

జవాబు 3:
పై జవాబుకు ఒక్క మాట చేరుస్తాను. రోలర్ మిల్లు పొట్టుతోపాటు గింజలోని మొలక భాగాన్ని కూడా తీసివేస్తుంది, ఎందుకంటే అందులోని నూనె వల్ల పిండి త్వరగా పాడవుతుంది. రిచర్డ్ స్మిత్ ఆ మొలకను ఆవిరితో ఉడికించి తిరిగి పిండిలో కలిపే పద్ధతికి 1887లో పేటెంటు పొందారు. హోవిస్ పేరుతో అమ్మిన పిండి పుట్టుక అదే. ఆ పిండి కొన్న బేకరీలు హోవిస్ పేరు అచ్చుపడే రేకు మూసల్లో రొట్టె కాల్చేవి. అంటే మిల్లు పేరు రొట్టె మీదికి ఎక్కడం, మిల్లర్లు బేకరీలు కొనడానికి చాలా ముందే జరిగింది.